వేడెక్కుతున్న పుడమి – లోకం ముందున్న ప్రశ్నలు

ఉద్దేశం

శీతోష్ణస్థితి మార్పును గురించి సామాన్యులు వేసే ప్రశ్నలకు శాస్త్రబద్ధమైన సమాధానాలను తెలపడం, ఈ సమస్యను ఎదుర్కోవడానికి ప్రపంచదేశాలు చేసిన కృషిని, అందులోని లోపాలను పరిచయం చేయడం, న్యాయం, బాధ్యత అనే భావాల పట్ల విద్యార్థులలో ఆలోచన రేకెత్తించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యాంశ పరిచయం

భూతాపం నేడు పత్రికలలో తరచుగా వినిపించే మాట. అయితే ఎక్కువగా వినిపించే మాటను గురించి ఎక్కువ స్పష్టత ఉంటుందని చెప్పలేము. 'నిన్న చలి వణికించింది గదా, భూమి వేడెక్కడమేమిటి?' 'ఒక్క డిగ్రీ పెరిగితే ప్రమాదమేమిటి?' 'ఒక్కరు మారితే లోకం మారుతుందా?' వంటి ప్రశ్నలు రచ్చబండ మీదా, తరగతి గదిలోనూ వినవస్తూనే ఉంటాయి. ఇవి కొట్టిపారవేయదగినవి కావు. వీటికి సమాధానం వెదుకుతూ సాగే వ్యాసం ఇది.

పాఠం

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని తెలుగు రైతు తరతరాలుగా చెప్పుకొంటున్నాడు. మృగశిర ప్రవేశించగానే నేల చల్లబడుతుందని, ఏరువాక సాగించవచ్చని అతని నమ్మకం. ఈ నమ్మకం ఒక్క సంవత్సరపు అనుభవంతో ఏర్పడినది కాదు. ఎన్నో తరాల ఎండవానలను గమనించి, వాటి సగటును కార్తెలుగా, సామెతలుగా మలచి కాపాడుకొన్న జ్ఞానమది. ఏ విత్తనం ఎప్పుడు చల్లాలో, ఏ చెరువుకు ఎప్పుడు గండి పడే ప్రమాదముందో ఆ లెక్క చెప్పేది. ఆ లెక్కకు ఆధారమైన ప్రకృతి క్రమమే నేడు మారుతున్నది. శీతోష్ణస్థితి మార్పు అనే సమస్యకు మూలం ఇక్కడ ఉంది.

చలి రోజున భూతాపమా?

వాతావరణం వేరు, శీతోష్ణస్థితి వేరు. ఈ రోజు మబ్బు పట్టిందా, రేపు వాన కురుస్తుందా అన్నది వాతావరణం. ఒక ప్రాంతంలో ఏ కాలంలో ఎంత ఎండ, ఎంత వాన ఉంటుందన్న దీర్ఘకాలపు సగటు శీతోష్ణస్థితి. దీనిని లెక్కించడానికి శాస్త్రజ్ఞులు సాధారణంగా 30 సంవత్సరాల గణాంకాలను ఆధారం చేసికొంటారు. మృగశిర కార్తె శీతోష్ణస్థితికి సంబంధించినది. ఆ కార్తెలో ఒకనాడు మండిన ఎండ వాతావరణానికి సంబంధించినది. ఒక చలి రోజు భూతాపాన్ని కాదనలేదు. అట్లే ఒక వేడి రోజు దానిని రుజువు చేయలేదు. దశాబ్దాల తరబడి భూమి అంతటా తీసిన లెక్కలే దానికి సాక్ష్యం. ఆ లెక్కల ప్రకారం 19వ శతాబ్ది ద్వితీయార్ధంతో పోల్చినపుడు భూమి సగటు ఉష్ణోగ్రత 1.3 డిగ్రీల సెల్సియస్‌కు పైగా పెరిగింది.

ఒక్క డిగ్రీ ఎంత?

ఉదయానికీ మధ్యాహ్నానికీ పది డిగ్రీల తేడాను భరించే మనిషికి ఒక డిగ్రీ స్వల్పంగానే తోస్తుంది. కాని ఇది ఒక ఊరి ఉష్ణోగ్రత కాదు. సముద్రాలు, ఎడారులు, ధ్రువాలతో కూడిన యావద్భూగోళపు సగటు. ఈ సగటు కదలడం ఎంత పెద్ద విషయమో తెలుసుకోవడానికి గతాన్ని చూడాలి. సుమారు 20,000 సంవత్సరాల క్రితం, మంచుయుగం తీవ్రంగా ఉన్న రోజులలో, భూమి సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందున్న దానికంటె సుమారు 6 డిగ్రీలు మాత్రమే తక్కువ. ఆ తేడాకే ఉత్తర అమెరికాలో నేటి కెనడా దాదాపు అంతా కిలోమీటర్ల మందం గల మంచు కింద ఉండేది. సముద్రమట్టం 120 మీటర్లకు పైగా దిగువన ఉండేది. ఆ చలి నుండి బయటపడడానికి ప్రకృతికి వేల సంవత్సరాలు పట్టింది. నేటి మార్పు ఒకటిన్నర శతాబ్దంలో వచ్చింది. ప్రమాదం డిగ్రీలో మాత్రమే కాదు, దాని వేగంలో ఉంది.

కారణం సూర్యుడా, మానవుడా?

భూమిని కప్పిన వాయుమండలంలో కొన్ని వాయువులు సూర్యకాంతిని లోనికి రానిచ్చి, నేల నుండి వెలువడే వేడిని మాత్రం కొంతవరకు నిలిపివేస్తాయి. వీటిని హరితగృహ వాయువులంటారు. ఇవి అసలే లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత సున్నాకు 18 డిగ్రీలు దిగువన ఉండేది. కనుక ఈ వాయువులు స్వభావసిద్ధంగా శత్రువులు కావు. మోతాదు మించడమే ముప్పు.

ఈ విషయం నిన్న మొన్న కనుగొన్నది కాదు. 1856లో అమెరికాకు చెందిన యూనిస్ ఫూట్ అనే మహిళ, గాజు గొట్టాలలో వివిధ వాయువులను నింపి ఎండలో ఉంచి, కార్బన్ డై ఆక్సైడ్ ఉన్న గొట్టం ఎక్కువగా వేడెక్కిందని గమనించింది. 1859లో జాన్ టిండాల్ ఈ వాయువులు వేడిని పట్టి ఉంచే తీరును ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. 1896లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అరీనియస్, ఈ వాయువు రెట్టింపయితే భూమి ఎంత వేడెక్కుతుందో లెక్క కట్టాడు. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవిలోని మౌనా లోవా పర్వతం మీద ఈ వాయువును కొలవడం ప్రారంభించాడు. ఆ కొలత నేటికీ సాగుతున్నది. పారిశ్రామిక విప్లవానికి ముందు లక్ష గాలి అణువులలో 28గా ఉన్న కార్బన్ డై ఆక్సైడ్ అణువులు, కీలింగ్ కొలత మొదలుపెట్టేనాటికి 31 దాటాయి. 2024 నాటికి 42 దాటాయి.

లక్షలో 42 మాత్రమే గదా అన్న సందేహం సహజం. అయితే గాలిలో అత్యధిక భాగమైన నైట్రోజన్, ఆక్సిజన్ వేడిని పట్టి ఉంచలేవు. ఆ పని చేసేవి ఈ కొద్దిపాటి వాయువులే. కుండెడు పాలను పెరుగుగా మార్చడానికి చెంచాడు మజ్జిగ చాలును గదా! అల్పమైనది కనుక నిర్వీర్యమని భావించరాదు.

ఈ పెరుగుదలకు మానవుడే కారణమని ఎట్లా తెలుసు? దీనికి ప్రధానంగా రెండు సాక్ష్యాలున్నాయి. బొగ్గు, చమురు కోట్ల సంవత్సరాల పాటు భూగర్భంలో ఉండిపోయినవి. కనుక సజీవ వృక్షాలలో ఉండే రేడియో కార్బన్ వాటిలో నశించి ఉంటుంది. గాలిలోని కార్బన్‌లో ఈ రేడియో కార్బన్ పాలు పలుచబడడం, అదనంగా చేరినది శిలాజ ఇంధనాల నుండి వచ్చినదని చెబుతున్నది. రెండవది, సూర్యుని తాపమే పెరిగి ఉంటే వాయుమండలపు పై పొరలు, కింది పొరలు రెండూ వేడెక్కాలి. కాని కింది పొర వేడెక్కుతూ ఉండగా, పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతున్నది. వేడి కిందనే చిక్కుబడుతున్నదనడానికి ఇది నిదర్శనం.

ఎండ, వాన – రెండూ ఎందుకు పెరుగుతాయి?

భూమి వేడెక్కితే కరవు రావాలి గాని వరదలెందుకు వస్తాయని కొందరి ప్రశ్న. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది మోయగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. ఆ గాలి నేలలోని తేమను త్వరగా పీల్చుకొంటుంది. కురిసినపుడు కుంభవృష్టిగా కురుస్తుంది. కరవు, వరద ఒకే కారణానికి రెండు ముఖాలు. అదనంగా చేరిన వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలు ఇముడ్చుకొంటున్నాయి. వేడెక్కిన నీరు వ్యాకోచించడం వల్ల, మంచు కరగడం వల్ల 1901–2018 మధ్య సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది.

అయితే ప్రతి విపత్తును భూతాపానికే అంటగట్టడం శాస్త్రం కాదు. చెరువులను పూడ్చి ఇండ్లు కట్టుకొన్న చోట మామూలు వాన సైతం వరదవుతుంది. ప్రకృతి తెచ్చే ముప్పు ఒకటి, దానిని ఎదుర్కొనే సంసిద్ధత లేకపోవడం మరొకటి. ఈ రెండవదానికి తెలుగునేల 2015లో పెద్ద మూల్యం చెల్లించింది. ఆ యేడు మే నెలలో వీచిన వడగాలులకు దేశంలో రెండు వేల మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలవారు. మరణించినవారిలో వృద్ధులు, ఎండలో పని మానితే పూట గడవని కూలీలు ఎక్కువ. 2010లో ఇటువంటి విషాదాన్నే చవిచూసిన అహ్మదాబాదు నగరం, 2013లో వడగాలుల కార్యాచరణ ప్రణాళికను రూపొందించుకొంది. ముందస్తు హెచ్చరికలు, తాగునీటి ఏర్పాట్లు, వైద్యులకు శిక్షణ, పనివేళల మార్పు అందులోని అంశాలు. అనంతరం తెలుగు రాష్ట్రాలతో సహా అనేక రాష్ట్రాలు ఆ మార్గాన్ని అనుసరించాయి. ఎండను ఆపలేకపోయినా మరణాలను తగ్గించవచ్చునని ఈ అనుభవం చెబుతున్నది.

ప్రపంచం ఏమి చేసింది?

1972లో స్టాక్‌హోంలో ఐక్యరాజ్యసమితి మానవ పర్యావరణ సదస్సును నిర్వహించింది. ఆతిథ్య దేశపు ప్రధానిని మినహాయిస్తే ఆ సభలో ప్రసంగించిన ఏకైక ప్రధాని ఇందిరాగాంధీ. పేదరికాన్ని విస్మరించి పర్యావరణాన్ని కాపాడలేమన్న వాదాన్ని ఆమె ఆ వేదిక మీద వినిపించింది. 1976లో 42వ సవరణ ద్వారా పర్యావరణ పరిరక్షణను ప్రభుత్వ విధానంగానూ, పౌరుని ప్రాథమిక విధిగానూ భారత రాజ్యాంగంలో చేర్చారు.

1987లో ఓజోన్ పొర రక్షణకు మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఓజోన్‌ను హరించే రసాయనాల వాడకం దాదాపు పూర్తిగా నిలిచిపోయింది. ఆ పొర క్రమంగా కోలుకొంటున్నది. దేశాలన్నీ కలిస్తే ఫలితముంటుందనడానికి ఇది గొప్ప ఉదాహరణ. అయితే ఆ రసాయనాలను తయారుచేసే సంస్థలు కొద్ది. వాటికి ప్రత్యామ్నాయాలు త్వరగా దొరికాయి. బొగ్గు, చమురు అట్లా కాదు. విద్యుత్తు, రవాణా, ఉక్కు, సిమెంటు, ఎరువులు అన్నీ వాటి మీదనే ఆధారపడి ఉన్నాయి. భూతాపం విషయంలో ఒప్పందం కష్టమవడానికి కారణమిదే.

1988లో శాస్త్ర విషయాలను మదింపు చేయడానికి ఐ.పి.సి.సి. అనే అంతర ప్రభుత్వ సంఘం ఏర్పడింది. 1992లో రియో డి జనీరో నగరంలో శీతోష్ణస్థితి ఒడంబడిక సంతకాలకు వచ్చింది. బాధ్యత అందరిదీ అయినా అందరిదీ సమానం కాదన్న సూత్రాన్ని అది అంగీకరించింది. 1997 నాటి క్యోటో ఒప్పందం ప్రకారం పారిశ్రామిక దేశాలు 2008–2012 మధ్య తమ ఉద్గారాలను 1990 నాటి స్థాయి కంటె సగటున 5 శాతం తగ్గించాలి. అమెరికా దానిని ఆమోదించలేదు; 2011లో కెనడా వైదొలగింది.

2015 డిసెంబరు 12న పారిస్‌లో మరొక మార్గం తొక్కారు. పైనుండి లక్ష్యాన్ని విధించక, ప్రతి దేశం తన సంకల్పాన్ని తానే ప్రకటించి, అయిదేండ్లకొకసారి దానిని పెంచుకోవాలన్నది ఆ ఒప్పందం. భూతాపాన్ని 2 డిగ్రీలకు బాగా దిగువన ఉంచాలి, 1.5 డిగ్రీలకు పరిమితం చేయడానికి యత్నించాలి అన్నది ఉమ్మడి లక్ష్యం. శిక్షలు లేని ఒప్పందం కనుక దాని బలం మాట నిలుపుకోవడంలోనే ఉంది. అమెరికా 2020లో వైదొలగి, 2021లో తిరిగి చేరి, 2025 జనవరిలో మరల వైదొలగే నిర్ణయాన్ని ప్రకటించింది. 2023లో దుబాయి సదస్సు శిలాజ ఇంధనాల నుండి క్రమంగా మరలాలని తొలిసారిగా పిలుపునిచ్చింది.

భారం ఎవరిది?

వివాదానికి కేంద్రబిందువు ఇదే. ఒక్కొక్కరి లెక్కన చూస్తే అమెరికా పౌరుడు సంవత్సరానికి సుమారు 14 టన్నుల కార్బన్ డై ఆక్సైడ్‌కు కారకుడు. భారతీయుడు సుమారు 2 టన్నులకు. పారిశ్రామిక విప్లవం నుండి శిలాజ ఇంధనాల ద్వారా గాలిలో చేరినదాంట్లో నాలుగో వంతు అమెరికాది. భారతదేశపు పాలు 3 శాతానికి కొంచెం పైన. అయినా దేశాల మొత్తాన్ని చూస్తే నేడు చైనా మొదటి స్థానంలో, అమెరికా రెండవ స్థానంలో, భారతదేశం మూడవ స్థానంలో ఉన్నాయి. గతాన్ని లెక్కించమని ఒకరు, వర్తమానాన్ని చూడమని ఒకరు వాదిస్తున్నారు. రెండు లెక్కలూ నిజమే కనుక వాదం తెగడం లేదు.

వర్ధమాన దేశాలకు 2020 నాటికి ఏటా 10 వేల కోట్ల డాలర్లు సమకూర్చుతామని సంపన్న దేశాలు 2009లో కోపెన్‌హాగెన్‌లో మాట ఇచ్చాయి. ఆ మాట రెండేండ్లు ఆలస్యంగా, 2022లో గాని నెరవేరలేదు. 2024లో బాకు సదస్సు 2035 నాటికి ఈ మొత్తాన్ని 30 వేల కోట్లకు పెంచాలని నిర్ణయించింది. అది అవసరానికి చాలదని భారత ప్రతినిధి ఆ సభలోనే అభ్యంతరం తెలిపారు.

సాధించినది ఉన్నదా?

2024వ సంవత్సరపు సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక పూర్వ స్థాయి కంటె సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. ఒప్పందంలోని 1.5 డిగ్రీలను దీర్ఘకాలపు సగటుతో కొలుస్తారు కనుక ఒక్క సంవత్సరంతో గీత దాటినట్లు కాదు. కాని గీత చేరువయింది. అయినా కృషి అంతా వృథా అనడం సరికాదు. పారిస్‌కు ముందు ఈ శతాబ్దాంతానికి భూతాపం 4 డిగ్రీలకు చేరువవుతుందని అంచనా. నేటి విధానాల ప్రకారం అది 3 డిగ్రీలకు లోపు. ఇది చాలదు, కాని ఒక డిగ్రీ ఎంతటిదో పైన తెలిసినదే.

2010 తరువాత సౌరవిద్యుత్తు వ్యయం సుమారు 90 శాతం తగ్గింది. 2025 మధ్య నాటికి భారతదేశపు విద్యుత్ స్థాపక సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదయింది; 2030కి అనుకొన్న లక్ష్యమిది. అయితే నిజంగా ఉత్పత్తయ్యే విద్యుత్తులో అధికభాగం బొగ్గుదే. 2070 నాటికి నికర ఉద్గారాలను శూన్యం చేస్తామని భారతదేశం 2021లో గ్లాస్గోలో ప్రకటించింది. నేడు కళాశాలలో చదివే విద్యార్థి ఆనాటికి వృద్ధుడవుతాడు. ఆ మాట నిలిచినదీ లేనిదీ చూడవలసినవాడు అతడే.

ఒక్కరివల్ల ఏమవుతుంది?

పసిఫిక్ మహాసముద్రంలో వనువాటు అనే చిన్న ద్వీపదేశం ఉంది. 2015 మార్చిలో పామ్ అనే పెనుతుపాను ఆ దేశపు వార్షిక జాతీయోత్పత్తిలో సగానికి పైగా విలువైన ఆస్తిని ఒక్క దెబ్బతో తుడిచిపెట్టింది. భూతాపానికి ఆ దేశం చేసిన దోహదం దాదాపు శూన్యం. దాని రాజధాని పోర్ట్ విలాలో దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయానికి చెందిన న్యాయ కళాశాల ఉంది. 2019లో అక్కడ చదువుతున్న 27 మంది విద్యార్థులకు ఒక ఆలోచన కలిగింది: శీతోష్ణస్థితిని కాపాడడం దేశాల దయాధర్మమా, చట్టబద్ధమైన బాధ్యతా? ఈ ప్రశ్నను అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడగాలని వారు నిశ్చయించుకొన్నారు.

విద్యార్థులు నేరుగా ఆ న్యాయస్థానాన్ని ఆశ్రయించలేరు. అందుచేత వారు పసిఫిక్ దేశాల ప్రభుత్వాలకు విజ్ఞప్తులు పంపారు. వనువాటు ప్రభుత్వం ఆ ప్రశ్నను తన ప్రశ్నగా స్వీకరించింది. నాలుగేండ్ల ప్రయత్నం ఫలించి 2023 మార్చి 29న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఏకాభిప్రాయంతో న్యాయస్థానాన్ని అభిప్రాయం కోరింది. 2024 డిసెంబరులో ది హేగ్ నగరంలో 90కి పైగా దేశాలు వాదనలు వినిపించాయి. 2025 జూలై 23న న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తమ అభిప్రాయాన్ని వెలువరించారు. శీతోష్ణస్థితిని కాపాడడం దేశాలకు చట్టబద్ధమైన విధి అని, దానిని ఉల్లంఘించిన దేశం నష్టపరిహారానికి సైతం బాధ్యత వహించవలసి రావచ్చునని వారు పేర్కొన్నారు.

ఇది సలహారూపమైన అభిప్రాయమే గాని ఎవరినీ నిర్బంధించే తీర్పు కాదు. దీనితో ఒక్క తుపాను కూడ ఆగదు. అయినా ఇకమీదట ఏ దేశపు న్యాయస్థానంలోనైనా, ఏ సభలోనైనా ఈ అభిప్రాయాన్ని ఆధారంగా చూపవచ్చు. యాచనగా ఉన్నది హక్కుగా మారే మార్గం ఏర్పడింది.

గదిలో ఎవరూ లేనపుడు దీపమార్పడం, దగ్గరి దూరాలకు నడిచి వెళ్ళడం మంచి అలవాట్లే. కాని ఒక్క ఇంటి దీపంతో లెక్క మారదు. కోట్ల ఇండ్ల దీపాలను మార్చే విధానంతో మారుతుంది. 2015లో ప్రారంభమైన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. దీపాలను పంపిణీ చేశారు. వ్యక్తి అలవాటు విధానంగా మారినపుడే దానికి బలం చేకూరుతుంది. అట్లా మార్చమని అడగడం పౌరుని పని. ఆ 27 మంది విద్యార్థులు తుపానును ఆపలేదు. అడగవలసిన ప్రశ్నను అడగవలసిన చోట అడిగారు. కార్తెల లెక్క తప్పిన రైతుకూ, ఎండలో పని మానలేని కూలీకీ ఆ ప్రశ్నతో సంబంధముంది.

కఠిన పదాలు – అర్థాలు

పుడమి = భూమి
ఏరువాక = తొలకరిలో సేద్యపు పనుల ప్రారంభం
యావద్భూగోళం = మొత్తం భూగోళం
నిర్వీర్యం = శక్తి లేనిది
వ్యాకోచించడం = విస్తరించడం
ఉద్గారాలు = వెలువడే వాయువులు
ఒడంబడిక = ఒప్పందం
మదింపు = విలువ కట్టడం, అంచనా వేయడం
దోహదం = తోడ్పాటు

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. భూతాపానికి మానవుడే కారణమనడానికి గల సాక్ష్యాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. శీతోష్ణస్థితి మార్పును ఎదుర్కోవడానికి 1972 నుండి ప్రపంచదేశాలు చేసిన కృషిని సమీక్షించండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు

1. వాతావరణానికీ శీతోష్ణస్థితికీ గల భేదమేమిటి?
2. ఓజోన్ విషయంలో సాధ్యమైనది భూతాపం విషయంలో ఎందుకు కష్టమవుతున్నది?
3. 'రెండు లెక్కలూ నిజమే కనుక వాదం తెగడం లేదు' – ఈ వాక్యాన్ని వివరించండి.
4. వనువాటు విద్యార్థుల ప్రయత్నాన్ని తెలపండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. మౌనా లోవా పర్వతం మీద కొలతను ప్రారంభించినది ఎవరు?
2. పారిస్ ఒప్పందం ఎప్పుడు కుదిరింది?
3. అహ్మదాబాదు నగరం 2013లో రూపొందించుకొన్న ప్రణాళిక ఏది?

IV. సంధులు – విడదీసి, సంధి పేరు తెలపండి

1. వాతావరణం
2. శీతోష్ణం
3. ప్రత్యామ్నాయం
4. ఏకైక

V. సమాసాలు – విగ్రహవాక్యం రాసి, సమాసం పేరు తెలపండి

1. ఎండవానలు
2. సముద్రమట్టం
3. పెనుతుపాను